బాలమేధావి బొమ్మ వెనుక

ఈ వ్యాసాన్ని ఒక తప్పు ఒప్పుకోవటంతో మొదలుపెట్టక తప్పదు. తప్పు నాది. అది తప్పని తెలుసుకోవటానికి నాకు పదేళ్లు పట్టింది.

2024 డిసెంబరులో మా కాలేజీ సాంస్కృతిక వారోత్సవాలకు నేను కన్వీనరును. తెలుగు లెక్చరరును గనుక ఇలాంటి పనులు నా మెడకే చుట్టుకుంటాయి. వచ్చిన దరఖాస్తుల్లో ఒకటి బి.కాం. మూడో సంవత్సరం కుర్రవాడిది. ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తానన్నాడు. పావుగంట టైము, ఒక కరెంటు ప్లగ్గు ఇస్తే చాలునన్నాడు. వాళ్ల నాన్న పోర్టులో కలాసీ. వాళ్లుండేది కంచరపాలెంలోనే, మా వీధికి రెండు వీధుల అవతల. ఇదంతా తెలిసి కూడా నేను ఆ కాగితం మీద 'వీలుపడదు' అని వ్రాసాను. అంతటితో ఊరుకోలేదు. కుర్రవాణ్ణి స్టాఫ్ రూముకు పిలిచి ఉపన్యాసం కూడా ఇచ్చాను.

రాక్ సంగీతమనేది పెట్టుబడిదారీ మార్కెట్టు తయారుచేసిన మత్తుమందు అన్నాను. యువకుల కోపాన్ని సైతం రికార్డు కంపెనీలు సరుకు చేసి అమ్ముకుంటాయన్నాను. కష్టజీవి కడుపున పుట్టి, డప్పు వదిలిపెట్టి, నీకీ విదేశీ గోల ఎందుకని అడిగాను. కుర్రవాడు చేతులు కట్టుకుని అంతా విన్నాడు. చివరికి ఒక్క మాట అడిగాడు:

"మరి మాండలిన్ శ్రీనివాస్ గారో, మాస్టారూ? ఆయనదీ కరెంటు వాయిద్యమే గదండీ. ఆయన్నయితే అందరూ దణ్ణం పెట్టి మరీ వింటారు గదండీ?"

నా దగ్గర జవాబు లేక కాదు. జవాబు ఉన్నందువల్లనే నోరు పెగలలేదు. ఎందుకంటే ఆ జవాబును నేను 2014లోనే వ్రాసిపెట్టుకున్నాను.

ఆ ఏడు సెప్టెంబరు 19న ఉప్పలపు శ్రీనివాస్ చెన్నైలో చనిపోయాడు. వయసు నలభై అయిదు. నేనప్పుడు ఎం.ఏ. ముగించి, విద్యార్థి సంఘం గోడపత్రికకు వ్యాసాలు వ్రాస్తూ తిరుగుతున్నాను. పత్రికల నిండా సరస్వతీపుత్రుడనీ, దైవదత్తమైన ప్రతిభ అనీ, గత జన్మ సంస్కారమనీ చదివాను. చదివిన కొద్దీ ఒళ్లు మండింది. వెంటనే కూర్చుని రెండు పేజీలు వ్రాసాను. సారాంశం ఇది: శ్రీనివాస్ సభలవాళ్లు పెంచుకున్న ముద్దుబిడ్డ, ఆలయాల సంగీతానికి కొత్త తళుకు అద్దినవాడు, ప్రజలకూ ఆయన కళకూ సంబంధం లేదు. చదివిన మిత్రులు బాగుందన్నారు. నాకూ బాగుందనే అనిపించింది.

ఆ గోడపత్రిక నకలు మా నాన్న చదివాడు. నాన్న రైల్వే డీజిలు షెడ్డులో ఫిట్టరు. డ్యూటీ లేని రోజుల్లో పెళ్లిళ్లకూ, వినాయకచవితి పందిళ్లకూ ఆర్కెస్ట్రాలో మాండలిన్ వాయించేవాడు. నేను కాలేజీలో చేరేనాటికే ఆ వాయించటం మానేశాడు. ఆయన నా వ్యాసం చదివి, కళ్లజోడు తీసి, కాగితం మడిచి నా చేతికిచ్చాడు.

"నువ్వు రాసిందీ, ఆ పేపరోళ్లు రాసిందీ ఒకటేరా. దేవుడిచ్చాడని ఆళ్లన్నారు. సభలోళ్లిచ్చారని నువ్వన్నావు. ఆ కుర్రోడు ఏటి సేసాడో ఇద్దరూ రాయలేదు."

నాన్నకు వర్గదృష్టి లేదని మనసులో అనుకుని నవ్వుకున్నాను. పదేళ్ల తరువాత ఆ కలాసీ కొడుకు అడిగిన ప్రశ్నతో నాన్న మాట మళ్లీ చెవిలో పడింది. ఆ కుర్రోడు ఏమి చేసాడు? నిజానికి నేను ఆ ప్రశ్న ఏనాడూ వేసుకోలేదు. ఇప్పుడు వేసుకుని, తెలిసినంత మేరకు ఇక్కడ వ్రాస్తున్నాను.

ముందుగా అందరికీ తెలిసిన కథను చూదాం. శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టాడు. ఆరేళ్ల వయసులో తండ్రిగారి మాండలిన్ చేతికి తీసుకున్నాడు. 1978లో, తొమ్మిదేళ్లకు, గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో మొదటి కచేరీ చేసాడు. 1981 డిసెంబరులో మద్రాసు ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదికపై వాయించేసరికి నగరం ముక్కున వేలేసుకున్నది. 1983లో, పద్నాలుగేళ్లకు, పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. 1998లో పద్మశ్రీ వచ్చింది. ఇంటిపేరు ఉప్పలపు అనే సంగతి సామాన్య శ్రోతకు తెలియదు. వాయిద్యమే ఆయనకు ఇంటిపేరయింది. పట్టుచొక్కా, నుదుట బొట్టు, తల కాస్త పక్కకు వంచి చిరునవ్వు: ఇదీ జనం మనసులో నిలిచిపోయిన బొమ్మ. నలభై దాటినా ఆ బొమ్మకు మీసం రానివ్వలేదు మనం. ఆయన పోయిననాడు కూడా పోయింది బాలుడే అన్నట్టు ఏడ్చాము.

ఇందులో అబద్ధమేమీ లేదు. కాని ఈ కథ చెప్పే పద్ధతిలో ఒక చమత్కారం ఉన్నది. ఆరేళ్ల పిల్లవాడు మాండలిన్ తీసుకున్నాడని చెప్పి, అక్కడ ఆగి చేతులు జోడిస్తారు. ఆ ఇంట్లో మాండలిన్ ఎందుకున్నదని ఎవరూ అడగరు. తండ్రి సత్యనారాయణ ఆ వాయిద్యం వాయించేవాడు గనుక ఉన్నది. ఆయన శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నవాడు. కొడుకుకు కొత్త వాయిద్యం కొనిచ్చి తొలి పాఠాలు తానే చెప్పాడు. తరువాత వాసూరావు అనే గిటారు కళాకారుడు ఆ పిల్లవాడికి పాశ్చాత్య సంగీతం పరిచయం చేసాడు. మన శాస్త్రీయ సంగీత చరిత్రలో 'దైవాంశ' అని చెప్పుకునే ఘట్టంలో ఒక గిటారు మాస్టారు ఉన్నాడన్న మాట. మా కాలేజీలో నేను గెంటేసింది ఆ గిటారునే.

ఇక గురువు సంగతి. సత్యనారాయణకూ, వాసూరావుకూ కూడా గురువైన రుద్రరాజు సుబ్బరాజు ఈ పిల్లవాడికి కర్ణాటక సంగీతం నేర్పాడు. ఆయన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించటం రాదు. ఆయన పాడేవాడు, పిల్లవాడు ఆ పాటను తీగ మీద వెతుక్కునేవాడు. ఈ ఒక్క వాక్యాన్ని దాటిపోకుండా కాసేపు నిలబడి ఆలోచించాలి. వీణ నేర్చుకునే పిల్లకు వేలు ఎక్కడ పెట్టాలో, ఎంత లాగాలో గురువు చేసి చూపిస్తాడు. వందల ఏళ్లుగా వేళ్లు కనిపెట్టిన దారి అది. ఈ పిల్లవాడికి అటువంటి దారి లేదు. గొంతులో విన్న ప్రతి వంపుకూ తీగ మీద తానే చోటు వెతకాలి. ఒకసారి తప్పు, రెండోసారి తప్పు, నూరోసారికి ఒప్పు. దీనిని పని అంటారు. దీనికి వరమని పేరుపెడితే ఆ నూరుసార్లూ చెరిగిపోతాయి.

ఆ పని ఎంతటిదో నాకు నాన్నే చెప్పాడు. కుర్రవాడి ప్రశ్న విన్న సాయంత్రం ఇంటికి పోయి, అటకమీద గుడ్డలో చుట్టి ఉన్న పాత మాండలిన్ దింపి, నాన్న ముందు పెట్టాను. రిటైరై ఆయనకు చాలా కాలమైంది. షెడ్డు హోరుకు ఎడమ చెవి బాగా మందగించింది. ఆయన కుడి చెవి వాయిద్యం దగ్గరకు ఆనించి, తుప్పుపట్టిన తీగను ఒకసారి మీటాడు.

"ఇన్నావేటి? మీటీసి వొదిలేస్తే సప్పున సచ్చిపోతాది. అందుకే ఇంగిలీసోళ్లు టకటకా టకటకా కొడతానే ఉంటారు."

మాండలిన్ ఇటలీ వాయిద్యం. ఎనిమిది తీగలు, నాలుగు జతలు. శ్రుతి ఫిడేలుదే. కాని ఫిడేలుకు కమాను ఉన్నది, కమాను లాగినంతసేపూ స్వరం నిలుస్తుంది. మాండలిన్ మీద స్వరం పుట్టగానే ఆరిపోతుంది. మన సంగీతానికి ప్రాణం గమకం. ఒక స్వరం నుంచి మరొక స్వరానికి తెగకుండా పాకాలి, ఒకే స్వరం మీద ఊగాలి. ఆరిపోయే స్వరాన్ని ఊపటం ఎలా? పైగా మాండలిన్‌కు మెట్లుంటాయి. వీణకూ మెట్లున్నవి గాని, వీణలో తీగను పక్కకు లాగి గమకం పలికిస్తారు. మాండలిన్ మీద జంట తీగలను ఒక్కలాగా లాగటం ఎవరి తరమూ కాదు. ఒకటి ఎక్కువ సాగుతుంది, ఇంకొకటి తక్కువ సాగుతుంది, శ్రుతి చెడుతుంది. అందుకే కర్ణాటక సంగీతానికి ఈ వాయిద్యం పనికిరాదని పెద్దలన్నారు. వాళ్లు ఒట్టి ఛాందసంతో అన్న మాట కాదది. వాయిద్యం ఉన్నదున్నట్టుగా ఉంటే నిజంగానే పనికిరాదు.

అందుకని శ్రీనివాస్ వాయిద్యాన్నే మార్చుకున్నాడు. జంటలు తీసేసి ఒంటి తీగలు పెట్టాడు. మొత్తం అయిదు తీగలు. ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టాడు. ఒంటి తీగ గనుక లాగితే లొంగుతుంది. కరెంటు తోడైంది గనుక, చిన్న మీటుకు పుట్టిన సన్నని స్వరం కూడా ఆంప్లిఫయరులో నిలిచి, లాగినంతసేపూ వినిపిస్తుంది. విద్యుత్తు ఇక్కడ హంగు కోసం రాలేదు, గమకం కోసం వచ్చింది. మన సంగీతంలోని అతి పాత లక్షణాన్ని నిలబెట్టటానికి ఇరవయ్యో శతాబ్దపు యంత్రం అవసరమయింది. సంప్రదాయానికీ ఆధునికతకూ పొత్తు కుదరదనే మన పండితులూ, అదే మాట వేరే కారణాలకు చెప్పే మనమూ కలసి ఆలోచించవలసిన సంగతి ఇది.

ఆ కరెంటు పని కూడా మంత్రమేమీ కాదు. అయస్కాంతం చుట్టూ సన్నని రాగి తీగను వేల చుట్లు చుడతారు. దానిపై ఉక్కు తీగ కంపిస్తే రాగి చుట్టలో కరెంటు పుడుతుంది. ఆ కరెంటును పెద్దది చేసి స్పీకరుకు ఇస్తే మోగుతుంది. గిటారైనా, మాండలిన్ అయినా ఇంతే. మా నాన్న యౌవనంలో, ఊర్వశి జంక్షను దగ్గర రేడియోలు బాగుచేసే స్నేహితుడి సాయంతో, పాత టెలిఫోను రిసీవరు అయస్కాంతం ఊడదీసి తన మాండలిన్‌కు బిగించాడు. ఆ సంగతి నాకు మొన్ననే చెప్పాడు. ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదంటే, "నువ్వు అడిగావేటి?" అన్నాడు. ఉక్కూ, రాగీ, అయస్కాంతమూ తెలిసిన ఫిట్టర్ల వీధి మాది. కంచరి అంటే ఇత్తడి, కంచు పనిచేసేవాడని పిల్లలకు పాఠం చెబుతాను. కంచరపాలెంలో పుట్టి పెరిగిన నాకు వాయిద్యమనేది కూడా చేతిపనే అని తోచలేదు.

విదేశీ వాయిద్యమన్న అభ్యంతరానికి వద్దాం. ఫిడేలు మనదా? పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో మద్రాసు ప్రాంతంలో తెల్లవాళ్ల వాద్యబృందాలను విని బాలుస్వామి దీక్షితులు దానిని నేర్చుకుని మన సంగీతానికి మలిచాడు. నూరేళ్లు తిరిగేసరికి అది మన విజయనగరానికి గర్వకారణమయింది. విశాఖలో పెరిగిన ద్వారం వెంకటస్వామినాయుడుగారు విజయనగరం సంగీత కళాశాలలో ఆచార్యుడై, తరువాత ప్రిన్సిపాలై, 'ఫిడేలు నాయుడుగారు' అనిపించుకున్నారు. హార్మోనియం సంగతి ఇంకా విచిత్రం. స్వరానికీ స్వరానికీ మధ్య పాకలేని పెట్టె అని, విదేశీదని 1940లో ఆలిండియా రేడియో దానిని వెలివేసింది. ఆ వెలి 1971 దాకా సాగింది. అదే కాలంలో మన పద్యనాటకాలవాళ్లు ఊరూరా ఆ పెట్టె మోసుకుని తిరిగారు. రైతులు తెల్లవార్లూ విన్నారు. వాయిద్యం ఎక్కడ పుట్టిందన్నది దాని వర్గాన్ని నిర్ణయించదు. ఎవరి చేతుల్లో పడి ఏ పని చేస్తున్నదన్నది చూడాలి. నవలా, కథా పాశ్చాత్య ప్రక్రియలే. 1910లో గురజాడ 'దిద్దుబాటు' వ్రాసినందుకు ఆయన తెల్లవాడైపోలేదు. క్లాసులో ఈ మాట ఏటా చెబుతాను. గిటారు దగ్గరకు వచ్చేసరికి నా పాఠం నేనే మరిచిపోయాను.

ఇక రాక్ గిటారు మీద నాకున్న దురభిప్రాయం. దానికీ ఒక బొమ్మ కారణం. రాక్ గిటారిస్టు అనగానే చింపిరిజుట్టు, మత్తుమందు, తగలబడుతున్న గిటారు కళ్లకు కడతాయి. ఈ బొమ్మ ఎక్కువగా జిమీ హెండ్రిక్స్ అనే అమెరికన్ నీగ్రోజాతి యువకుడి నుంచి వచ్చింది. నీగ్రో అనే పాత మాట నా కలానికి అలవాటుగా వచ్చేసింది. ఆ మాటను ఆ జాతివాళ్లే తోసిపుచ్చారు గనుక నల్లజాతి అని దిద్దుకుంటున్నాను. 1967 జూన్‌లో కాలిఫోర్నియాలోని మాంటెరే ఉత్సవంలో హెండ్రిక్స్ తన గిటారుకు నిప్పుపెట్టాడు. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. పుట్టుకతోనే పిచ్చి పట్టిన ప్రతిభ అన్నారు. అంతకుముందు సంగతి ఎంతమందికి తెలుసు? అతను సియాటిల్‌లో పేదింట పుట్టాడు. సైన్యంలో పారాచూట్ దళంలో పనిచేసాడు. బయటికి వచ్చాక ఏళ్ల తరబడి నల్లవాళ్ల పేటల్లోని హాళ్లల్లో, లిటిల్ రిచర్డ్ వంటి గాయకుల వెనుక వరుసలో నిలబడి, కూలికి గిటారు వాయించాడు. 1966లో లండను చేరేదాకా అతను పేరులేని ఆర్కెస్ట్రావాడే, మా నాన్న లాగానే. 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్ ఉత్సవంలో అమెరికా జాతీయగీతాన్ని గిటారు మీద వాయిస్తూ, మధ్యలో బాంబులు పడ్డట్టు, విమానాలు కూలినట్టు ధ్వనులు పలికించాడు. వియత్నాం మీద బాంబులు కురుస్తున్న రోజులవి. మాట ఒక్కటి లేకుండా ఆ యుద్ధాన్ని వేదిక మీదికి తెచ్చిన ఆ ధ్వనులు కూడా అయస్కాంతమూ, రాగి చుట్టా, ఆంప్లిఫయరూ కలిసి చేసినవే. మరుసటేడు సెప్టెంబరులో, ఇరవై ఏడేళ్లకే, అతను చనిపోయాడు. మార్కెట్టుకు కావలసింది తగలబడే గిటారు ఫొటో. కూలికి వాయించిన ఏళ్లు దానికి అక్కరలేదు.

ఇప్పుడు రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి పట్టుచొక్కా పసిబాలుడు, ఒకటి నిప్పుపెట్టే పిచ్చివాడు. ఒకరికి దేవుడిచ్చాడు, ఒకరికి దయ్యం పట్టింది. పైకి ఉత్తర దక్షిణ ధ్రువాలు. చేసే పని మాత్రం ఒక్కటే: కళాకారుడు పనివాడన్న సంగతి కప్పిపుచ్చటం. పనివాడని ఒప్పుకుంటే, అతనికి నేర్పినవాళ్లెవరు, వాయిద్యం తయారుచేసినవాళ్లెవరు, వెనుక వరుసలో వాయించినవాళ్లకు ఎంత ముట్టింది అనే ప్రశ్నలు లేస్తాయి. అద్భుతానికి ఆ ప్రశ్నలు ఉండవు. హెండ్రిక్స్ చేతిలోని గిటారును రూపొందించిన లియో ఫెండర్ కాలిఫోర్నియాలో రేడియో మరమ్మత్తు దుకాణం నడుపుకున్నవాడు. ఆయనకు గిటారు వాయించటమే రాదు. మా ఊర్వశి జంక్షను రేడియో మెకానిక్కుకూ ఆయనకూ ఉన్న తేడా విద్యలో లేదు, పెట్టుబడిలో ఉన్నది.

ఈ రెండు లోకాలూ ఒకచోట కలిసాయి కూడా. జాన్ మెక్‌లాఫ్లిన్ అనే ఇంగ్లీషు గిటారిస్టు 1942లో యార్క్‌షైర్‌లో పుట్టాడు. 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా స్థాపించి, రాక్ గిటారు హోరుకూ జాజ్‌కూ ముడివేసాడు. తరువాత మన సంగీతం మీదికి మనసు పోయింది. డాక్టర్ ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్నాడు. గిటారు మీద గమకం పలకటం లేదని, మెట్ల మధ్య చెక్కను లోతుగా చెక్కించి, తీగను వీణ తీగలాగా లాగటానికి వీలు కల్పించుకున్నాడు. 'శక్తి' అనే బృందం పెట్టాడు. చాలా ఏళ్ల తరువాత ఆ బృందం మళ్లీ మొదలైనప్పుడు, 1990ల చివర, శ్రీనివాస్ అందులో చేరాడు. ఒకడు గమకం కోసం గిటారును చెక్కించాడు. ఒకడు గమకం కోసం మాండలిన్‌కు కరెంటు పెట్టాడు. యార్క్‌షైర్‌వాడూ పాలకొల్లువాడూ ఒకే చిక్కుతో చెరో దిక్కు నుంచి పెనుగులాడారు. పక్కపక్కన కూర్చుని వాయించినప్పుడు వాళ్ల ముఖాల్లో కనిపించే సంతోషం ఆధ్యాత్మికమని విమర్శకులు వ్రాసారు. నాకది ఒక షెడ్డులో పనిచేసే ఇద్దరు మేస్త్రీల సంతోషంలాగా కనిపిస్తుంది. శ్రీనివాస్ పోయిన తరువాత కూడా మెక్‌లాఫ్లిన్ ఆగలేదు. ఎనభై దాటిన వయసులో, 2023లో, శక్తి బృందం కొత్త రికార్డు తెచ్చింది. దానికి 2024లో గ్రామీ బహుమతి వచ్చింది.

ఈ మాటలు విని మన మిత్రులు కొందరు అభ్యంతరం చెప్పకపోరు. ఒక మిత్రుడు అప్పుడే చెప్పాడు కూడా: "ఎంత పనివాడైతేనేం? వాయించింది భక్తి కీర్తనలే గదా? వినేది సభల్లో ముందు వరుసలవాళ్లే గదా?" ఇందులో సత్యం ఉన్నది. కర్ణాటక సంగీత సభల తలుపులు కష్టజీవులకు ఈనాటికీ బార్లా తెరిచిలేవు. శ్రీనివాస్ స్వయంగా భక్తుడు, సత్యసాయిబాబాను కొలిచినవాడు. తన విద్యను ఆయన కూడా అనుగ్రహమనే అనుకున్నాడేమో. అనుకోవచ్చు. కళాకారుడు తన పని గురించి చెప్పుకునే మాట వేరు, ఆ పని వేరు. నేతగాడు తన మగ్గానికి దణ్ణం పెట్టుకుంటే, బట్ట నేసింది మగ్గమని మనం అనం గదా. సభల మీద మనకున్న విమర్శ ఉండవలసిందే. కాని ఆ విమర్శ కోసం పనివాడి పనిని సభలవాళ్లకు ధారాదత్తం చెయ్యటం ఎటువంటి విమర్శ? నా 2014 వ్యాసం చేసింది సరిగ్గా అదే. దేవుడి పేరు చెరిపి సభల పేరు వ్రాసాను. చోటు మాత్రం ఖాళీగానే ఉంచాను.

ఇంకొక మాట. నాన్న ఎందుకు వాయించటం మానేశాడన్నది నేను ఇప్పుడే అడిగాను. నా గోడపత్రిక వ్యాసానికి చాలా ముందే మానేశాడు గనుక నేను కారణం కాదని ధైర్యంగా ఉన్నాను. "కీబోర్డొచ్చీసింది గదా," అన్నాడు. ఒక కుర్రవాడు ఒక పెట్టె ముందు కూర్చుంటే ఫిడేలూ, క్లారినెట్టూ, మాండలినూ అన్నీ అందులోనే పలుకుతాయి. నలుగురి కూలి మిగులుతుంది. ఆ తరువాత డీజే బాక్సులు వచ్చి ఆ కీబోర్డు కుర్రవాణ్ణీ ఇంటికి పంపించాయి. కొంచెం ఆగి, "ఇంకోటేటంటే," అన్నాడు, "నువ్వు హైస్కూల్లో ఉన్నప్పుడు నీ సావాసగాళ్లొస్తే, మా నాన్న పెళ్లిళ్లలో వాయిస్తాడని సెప్పలేదు. షెడ్డులో ఫిట్టరనీసి ఊరుకున్నావు. మరి నాకెందుకులే అనీసుకున్నాను."

నాకు ఆ సంఘటన గుర్తులేదు. గుర్తులేకపోవటమే ఎక్కువ బాధ పెట్టింది.

ఆ ఆదివారం నేను కుర్రవాడి ఇంటికి వెళ్లాను. మాస్టారు ఇంటికి వచ్చాడని వాళ్లమ్మ కుర్చీ తుడిచి వేసింది. కాగితం మీద అలా వ్రాయటం తప్పేనని చెప్పాను. కుర్రవాడు సిగ్గుపడి, "పర్లేదండీ మాస్టారూ, అయిపోయింది గదండీ," అన్నాడు. అయిపోవటం నిజమే. వారోత్సవాలు ముగిసాయి, అతనికది ఆఖరి సంవత్సరం. నేను దిద్దటానికి అందులో ఏమీ మిగలలేదు. గిటారు చూపించమన్నాను. సెకండ్‌హ్యాండుది. ఆంప్లిఫయరు పెట్టగానే గుయ్యిమని ఒకటే మోత. ఎన్నిసార్లు విప్పి చూసినా పోవటం లేదన్నాడు. "మా ఇంటికి పట్టుకురా, మా నాన్న చూస్తాడు," అన్నాను.

సాయంత్రం తెచ్చాడు. నాన్న గిటారు వెనుక రేకు విప్పించి, బ్యాటరీ లైటు పట్టుకోమని నాకిచ్చి, లోపల వైర్లు ఒక్కొక్కటే వేలితో కదిపి చూసాడు. కుర్రవాడు పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

"ఎర్తు ఊడిపోనాదిరా బాబూ," అన్నాడు నాన్న. "సోల్డరింగు ఐరను ఏదిరా? అటక మీదే ఉంటాది, సూడు." నేను లైటు కుర్రవాడి చేతికిచ్చి, స్టూలు వేసుకుని అటక ఎక్కాను.